ఉత్త బండి

తెల్ల కారు స్టేషన్ గేట్లోకి వచ్చేసరికి ప్రవీణ చాయ్ వడపోస్తోంది. చాయ్ పెట్టడం ఆమె డ్యూటీ అని ఎవరూ ఏనాడూ చెప్పలేదు. చేరిన కొత్తలో ఒకరోజు ఎదురుగా ఉన్న హోటల్ బందైతే, "ఇంట్ల పెడ్తవు కద ప్రవీణా, ఇయ్యాల జర నువ్వు పెట్టు" అన్నాడు రైటర్. ఆ ఇయ్యాల ఇంకా ముగియలేదు. అప్పటినుంచీ స్టేషన్‌లో స్టవ్ ఉంది, గిన్నె ఉంది, గ్లాసులున్నాయి, వాటిని కడగడానికి ఒక ఆడ కానిస్టేబుల్ ఉంది.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. బడులకు తాళాలు పడ్డాయి. జగిత్యాల నుంచి కోరుట్ల వెళ్ళే రోడ్డు మీద ఏ ఊరి ముందు చూసినా రాళ్ళ పొయ్యిలు, పొగ, జై తెలంగాణ నినాదాలు. ఆ రోడ్డు పక్కనే వాళ్ళ చిన్న స్టేషన్. ఉన్న ఒక్క జీపుకూ ఎవరో రాయి విసిరి అద్దం పగలగొడితే అది షెడ్డుకు పోయింది. బండి లేక ఎస్సైకి కాళ్ళు కట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే ఒక గ్రానైటు కాంట్రాక్టరు, సమ్మె అయిపోయేదాకా వాడుకోమని తన సొంత కారు పంపించాడు. ఎందుకు పంపించాడని ఎవరూ అడగలేదు.

కారు తెచ్చినవాడు కాంట్రాక్టరు దగ్గరి డ్రైవర్ రాజమల్లు. అతను తలుపు తెరిచి పట్టుకొని ఎస్సైకీ, చుట్టూ మూగిన కానిస్టేబుళ్ళకూ చెప్పాడు.

"దీనికి క్లచ్చు ఉండది సార్. గేర్లు అదే మార్చుకుంటది. డీ ల వెట్టి బ్రేకు మీదికెల్లి కాలు తీస్తె సాలు, మెల్లగ దానంతటదే ముంగటికి పోతది. నిలవెట్టి దిగేటప్పుడు మాత్రం పీ ల వెట్టాలె. మర్చిపోతె మనం దిగినంక గూడ పోతనే ఉంటది."

ప్రవీణ గ్లాసుల పళ్ళెం పట్టుకొని అక్కడే నిలబడి విన్నది. మగవాళ్ళు విని నవ్వారు.

"ఎడమ కాలుకు పని లేకుంటె అదేం బండి?" అన్నాడు దినేశ్. "ఆడోళ్ళ కోసం చేసిండ్రు గావచ్చు."

మళ్ళీ అందరూ నవ్వారు. దినేశ్ ఆ స్టేషన్ డ్రైవర్. ప్రవీణ భర్త.

సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన పిల్ల ప్రవీణ. తండ్రి ఎల్లేశం మగ్గాలు నడిపేవాడు, తల్లి సత్యవ్వ నూలు కండెలు చుట్టేది. యంత్రమంటే ఆమెకు బెదురు లేదు. ఏ మగ్గం ఎప్పుడు ఆగబోతుందో పక్కింట్లో పడుకొని చప్పుడు విని చెప్పేది. పోలీసు సెలెక్షన్లకు తయారవుతూ కరీంనగర్‌లో ఉన్నప్పుడు గేర్ల కారు నేర్చుకుంది, లైసెన్సు తీసుకుంది. ఉద్యోగం వచ్చాక డ్రైవర్ డ్యూటీ అడిగింది. అప్పుడున్న ఆఫీసరు, "జీపు క్లచ్చు తొక్కితె నడుములు పోతయమ్మా. రేపు పిల్లలు గావాలె కద నీకు" అన్నాడు. దయగానే అన్నాడు. అందుకే ఆమె మళ్ళీ అడగలేదు. పోలీసు డ్రైవర్‌తో సంబంధం వచ్చినప్పుడు లోలోపల సంతోషపడింది, ఎప్పుడో ఒకప్పుడు స్టీరింగు తన చేతికి ఇవ్వకపోతాడా అని. పెళ్ళై ఆరేళ్ళైంది, కూతురు నీలకు నాలుగో ఏడు నడుస్తోంది, ఆ రోజు రాలేదు. జీపులో వెనక కూర్చున్నప్పుడు దినేశ్ గేరు మార్చబోయే ముందు ఆమె ఎడమ పాదం తనకు తెలియకుండానే నేలను నొక్కేది. అతను ఆలస్యంగా మారిస్తే ఇంజను పడే కష్టం ఆమె కడుపులో తెలిసేది. ఒక్కసారి మాత్రం నోరు జారి "జర ముందుగాల మార్చాలె" అంది. ఇంటికి చేరాక, బూట్లు విప్పుతూ, "నలుగుర్ల నా ఇజ్జత్ తీయకు" అన్నాడు. బూట్లు విప్పి అతను మంచం మీద వాలాడు. ఆమె యూనిఫాం మార్చుకోకుండానే బియ్యం కడిగింది. ఇద్దరూ ఒకే మోటార్ సైకిలు మీద డ్యూటీకి పోతారు, ఒకే మోటార్ సైకిలు మీద తిరిగొస్తారు. ఇంటికొచ్చేది మాత్రం ఒక్కడే. ఆమె ఇంకో డ్యూటీకి వస్తుంది.

కారు వచ్చిన మూడోనాడు ఎస్సై ఆమెను పిలిచాడు.

"నీకు లైసెన్సున్నది కద ప్రవీణా? దీనికి గేర్లే లేవాయె, నువ్వు గూడ నడపచ్చు. మా మేడంను ధర్మపురి తీస్కపో. పండుగ ముంగట దర్శనం చేసుకుంటదట."

యూనిఫాంలో ఎస్సై భార్యనూ పిల్లల్నూ ధర్మపురి తీసుకెళ్ళడం కానిస్టేబుల్ పని కాదని ఆమెకు తెలుసు. కొబ్బరికాయల బుట్ట మోయడం, మేడం దర్శనానికి పోయినంతసేపూ పిల్లవాణ్ణి ఎత్తుకోవడం, వాడికి దొడ్డికొస్తే కడగడం కూడా కాదని తెలుసు. అయినా ఆ రోజు రోడ్డు మీద ఆమె మనసు ఎంత తేలికైందో చెప్పడం కష్టం. సమ్మె వల్ల రోడ్డంతా ఖాళీగా ఉంది. దారి పక్క మక్క చేన్లు కంకి పట్టి ఉన్నాయి. బ్రేకు మీంచి పాదం తీస్తే కారు అడగకుండానే కదిలింది. ఎడమ కాలికి పనిలేదు. అది అట్లా పక్కన ఊరికే ఉంది. ఇంట్లోగానీ స్టేషన్‌లోగానీ తన ఒంట్లో ఊరికే ఉన్న భాగమంటూ ఒకటి ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ కాలును మధ్యమధ్య చూసుకొని ఆమె నవ్వుకుంది. గేర్ల బండైనా నడపగలదు తను. కానీ ఇది తనని ఏమీ రుజువు చేసుకోమని అడగడం లేదు. ఊళ్ళ ముందు కూర్చున్న ఉద్యమంవాళ్ళు కూడా, ఆడ పోలీసు కారు నడుపుతుంటే వింతగా చూసి, కట్టెలు పక్కకు జరిపి దారిచ్చారు.

ఆ సాయంత్రం ఇంట్లో అత్త వజ్రమ్మ, "మందంత చూస్తుండంగ కారు నడిపినవట?" అంది. దినేశ్, "మేడంకు డ్రైవరైంది నా పెండ్లాం. ఇగ నన్ను ఇంట్ల కూసోవెడ్తది" అన్నాడు. అది పరాచికమే కావచ్చు. అయినా అన్నం పెడుతూ ఆమె అతనితో మెల్లగా అంది.

"రేపటికెల్లి నువ్వు నడుపుతవ్ కద. దిగేటప్పుడు పీ ల పెట్టుడు మర్చిపోకు. జీపు లెక్క కాదది. కాలు తీస్తె ఆగది, పోతది."

"గేర్లు లేని బండి గురించి నాకు నేర్పుతున్నవా?" అన్నాడు దినేశ్ కంచంలోంచి తల ఎత్తకుండా. "కూర ఉప్పగైంది, అది చూస్కో ముందు."

ఆమె చూసుకుంది. ఉప్పు సరిగ్గానే ఉంది.

తర్వాతి వారం, కోరుట్ల ఇంకా కొంత దూరముందనగా రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. అన్ని వంటావార్పుల్లోలాగే అక్కడా నినాదాలు మగవాళ్ళవి, వంట ఆడవాళ్ళది. బీడీలు చేసే ఆడవాళ్ళు ఆ రోజు పని మానుకొని వచ్చి కల్వర్టుకు ఈవల, రోడ్డు నడిమధ్య, పెద్ద గుండిగలో అన్నం వండుతున్నారు. ఏదో మంత్రి కాన్వాయ్ ఆ దారిన పోవాలి, రోడ్డు ఖాళీ చేయమని పైనుంచి ఫోనొచ్చింది. ఎస్సై లేచాడు. తాళంచెవి ప్రవీణ దగ్గర ఉంది, పొద్దున మేడంను కూరగాయలకు తీసుకెళ్ళింది కాబట్టి. దినేశ్ చెయ్యి చాచాడు.

"ఇటియ్యి. గొడవకాడికి ఆడోళ్ళు నడుపుకుంట పోతె సారుకు ఇజ్జత్ ఉంటదా?"

ఆమె ఇచ్చింది. అతను స్టీరింగు ముందు, ఎస్సై పక్కన, ఆమె వెనక. మిగతా బలగం ముందే వ్యానులో పోయింది. కల్వర్టు దగ్గర రోడ్డు కొంచెం వాలు. దినేశ్ పొయ్యికి కొంత దూరంలో కారు ఆపాడు. ఎస్సై దిగాడు, ప్రవీణ దిగింది. ఆడవాళ్ళను లేపడం ఆమె పని. "లేవుండ్రమ్మా, జర పక్కకు జరుగుండ్రి" అంటూ ఆమె ఒక ముసలామె రెక్క పట్టుకుంది. అది పట్టుకుంటున్నప్పుడు, సిరిసిల్లలో తన తల్లి కూడా ఇట్లాగే ఏదో రోడ్డు మీద పప్పు కలుపుతూ ఉండొచ్చుననీ, ఆమె రెక్క కూడా ఎవరో పట్టుకొని ఉంటారనీ అనిపించింది. అంతలో ఎక్కడినుంచో ఒక రాయి వచ్చి ఎస్సై భుజానికి తగిలింది. "కొట్టుండ్రిరా!" అని అరిచాడు ఎస్సై. లాఠీలు లేచాయి.

జీపైతే దినేశ్‌కు ఒక అలవాటుంది. దూకాలంటే గేరులో ఉంచే క్లచ్చు మీంచి కాలు తీసేస్తాడు. ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది, జీపు ఉన్నచోటే మేకు కొట్టినట్టు నిలబడుతుంది. ఏళ్ళ తరబడి కాలికి పట్టిన అలవాటు. ఆ రోజూ లాఠీ తీసుకొని అట్లాగే దూకాడు. కానీ ఈ కారు కుదపలేదు. ఆగలేదు. చప్పుడు లేకుండా వాలు మీద కదిలింది.

జనం విరిగి చేన్లలోకి పరుగెత్తుతున్నారు. పోలీసులు వాళ్ళ వెంట పడ్డారు. వెనక్కి చూసినవాడు ఒక్కడూ లేడు. ప్రవీణ మాత్రమే చూసింది, తలుపు తెరుచుకొని, లోపల ఎవరూ లేకుండా, మెల్లగా, మనిషి నడిచేంత మెల్లగా వస్తున్న తెల్ల కారును. పొయ్యి దగ్గర ఒకామె ఇంకా ఉంది. గుండిగ దించితేగానీ పోనని రెండు చేతులా గుడ్డలతో అంచు పట్టుకొని ఉంది. ప్రవీణ అరిచింది. ఆ కేకల్లో అదొక కేక. ఆమె పరుగెత్తి, కదులుతున్న కారు తలుపు పట్టుకొని లోపలికి ఎక్కి బ్రేకు తొక్కేసరికి, ముందు చక్రం గుండిగ దించబోయిన ఆమె పాదం మీద ఉంది. గుండిగ తిరగబడి ఉడుకుతున్న గంజీ అన్నమూ ఆమె చేతుల మీద, ఒడిలో పడ్డాయి.

కేక విని జనం వెనక్కి తిరిగారు. వాళ్ళు చూసింది స్టీరింగు ముందు కూర్చున్న ఆడ పోలీసును. ఎవరో ఫోటో తీశారు. మర్నాడు పేపర్లో అదే వచ్చింది.

గాయపడినామె పేరు హలీమాబీ. కోరుట్లలో బీడీలు చేసే వితంతువు. జగిత్యాల దవాఖానకు తీసుకుపోయారు. పాదం తీసేశారు.

పేపర్లో ఫోటో వచ్చిన ఆ సాయంత్రమే ఎస్సై తన గదిలో దినేశ్‌నూ ప్రవీణనూ కూర్చోబెట్టాడు. ఆమెను ఆ గదిలో కుర్చీలో కూర్చోమనడం అదే మొదటిసారి.

"కాంట్రాక్టరు బండి మనకాడికి ఎట్లొచ్చిందని అడుగుతరు. డ్రైవరు నడిపిండంటె, నడపమన్నదెవరు అని నా మీదికొస్తది, వీని నౌకరి పోతది. అదే నువ్వు నాకు చెప్పకుంట తాళంచెవి తీసుకొని ముంగట వెడ్దమని ఎక్కినవ్, గాబరల బ్రేకు దొరకలే... గట్లయితె ఎవ్వరు మరో మాట అడుగరు. ఫోటో గూడ ఉన్నదాయె. ఆడమనిషి నడిపిందంటె అందరు నమ్ముతరు ప్రవీణా. కొన్ని దినాలు సస్పెన్షన్. మళ్ళ నేనే తీసుకుంట."

అందరూ నమ్ముతారు. ఆ మాట ఎంత నిజమో ఆమెకు అప్పటికే తెలుసు. దవాఖాన దగ్గర దిగినప్పుడు, స్టేషన్‌లోని తోటి కానిస్టేబులే, ఆ గొడవలో ఉన్నవాడే, "గేర్లు లేకున్నా రాలేదా ప్రవీణా?" అన్నాడు. అతను ఎగతాళి చేయలేదు. జాలిపడ్డాడు.

ఇంట్లో దినేశ్ ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఏడ్చాడు. అతను ఏడవడం ఆమె చూడలేదెప్పుడూ. "నాకు డ్రైవింగ్ తప్ప ఏమొస్తది? అది పోతె నేను సచ్చినట్టె" అన్నాడు. వజ్రమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "మొగోని నౌకరి పోతె ఇల్లు పోయినట్టె బిడ్డా. నీది పోయినా ఏమైతది, ఇంట్లుంటవు" అంది. తనకు కూడా పని తప్ప ఏమొస్తుందని అడగాలనుకుంది ప్రవీణ. తన నౌకరి మాత్రం ఎందుకు ఇల్లు కాదని అడగాలనుకుంది. కానీ కాళ్ళ దగ్గర ఒక మనిషి ఏడుస్తుంటే అవన్నీ లెక్కలు కట్టినట్టు వినిపిస్తాయి. ఆడది లెక్క కట్టకూడదు. అతని తల మీద చెయ్యి వేసింది. "సరే" అంది. ఆ ఒక్క మాటకు, పెళ్ళైన నాటినుంచి లేని ఆప్యాయత ఇంట్లోకి వచ్చింది. ఆ పూట వజ్రమ్మ ఆమెకు అన్నం వడ్డించింది. "ఇల్లు నిలవెట్టినవ్" అంది. దినేశ్ కంచం తనే తీశాడు. అది కూడా ఆమె తిన్న కంచం.

దవాఖానకు పోయి చూసి రావాలని ఆమే పట్టుబట్టింది. దినేశ్ వెంట వచ్చి వార్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. హలీమాబీ రెండు చేతులకూ కట్లు. కూతురు అతియా మందులకోసం బయటికి పోయి ఉంది. హలీమాబీ ప్రవీణను చూడగానే గుర్తుపట్టింది.

"నువ్వే కద బేటీ, ఉరికొచ్చి ఆపినవ్? నువ్వు ఎక్కకపోతె బండి మొత్తం మీదికెక్కుతుండె."

ప్రవీణ మంచం అంచున కూర్చుంది.

"ఉత్త బండొచ్చింది. లోపట ఎవ్వరు లేరు. నేను చూసిన. నా పిల్లలకు చెప్పిన. పేపర్ల నువ్వు నడిపినవని రాసిండ్రట. ఎందుకట్ల?"

గుమ్మంలో దినేశ్ బూటు చప్పుడైంది. అతను కాలు మార్చి నిలబడ్డాడు, అంతే. ప్రవీణ గొంతు ఆమెకే వినపడనంత మెల్లగా వచ్చింది.

"నేనే నడిపిన అమ్మా. నువ్వు సక్కగ చూడలే."

హలీమాబీ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. చేతులు కదపలేకపోతోంది కాబట్టి కళ్ళతోనే వెతికినట్టు చూసింది. "అట్లనా?" అంది. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఆ "అట్లనా" ప్రవీణ వెంట ఇంటికి వచ్చింది. సస్పెన్షన్ వచ్చాక రోజంతా ఇంట్లోనే. పొయ్యి ముట్టిస్తే హలీమాబీ, గంజి వారుస్తే హలీమాబీ. బతుకమ్మకు అత్తింటివాళ్ళంతా వచ్చారు. వాళ్ళకు వంట, వాళ్ళ పిల్లలకు స్నానాలు. చేతికి పని దొరికినంతసేపూ బాగుండేది. ఆమెను చూసినవాళ్ళంతా ముందు గొంతు తగ్గించి మాట్లాడారు, తర్వాత ఆమె లేనట్టే మాట్లాడారు. పండుగ వెళ్ళిన కొద్దిరోజులకు, హలీమాబీ చనిపోయిందని కబురొచ్చింది. పుండ్లు మానలేదట, జ్వరం తగ్గలేదట. కేసు మారింది. జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు విచారణకు వస్తాడని, ఇదివరకు చెప్పిందే చెప్పి రావాలని ఎస్సై ఫోన్ చేశాడు.

ఆ మధ్యాహ్నం ఆమె వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తోంది. ముందు గదిలో దినేశ్ తన బావతో మాట్లాడుతున్నాడు.

"ఆడోళ్ళకు బండిచ్చుడే తప్పు బావా. నేను జెప్పిన ఆమెకు, దిగేటప్పుడు పీ ల వెట్టు, మర్చిపోకు అని. వింటెనా? గేర్ల బండైతె ఇంజనన్న ఆగుతుండె. గాబరైతరు వాళ్ళు. అది వాళ్ళ తప్పు గూడ కాదు, పుట్టుకనే అంత."

కత్తి చేతిలో అట్లాగే ఆగిపోయింది. అతను అబద్ధం చెబుతున్నాడనుకుంటే బాధ ఒక తీరుగా ఉండేది. అబద్ధం చెప్పే మనిషి గొంతు ఆమె ఎరుగును, ఎన్నో వాంగ్మూలాలు విన్నది. ఈ గొంతులో ఆ తడబాటు లేదు. ఎరిగిన సంగతి చెబుతున్నట్టు, కొంచెం జాలిగా, నిమ్మళంగా చెబుతున్నాడు. ఆమె చెప్పిన మాటలు తను చెప్పినట్టు గుర్తుపెట్టుకున్నాడు. తను దూకిన సంగతి అతని ఒంట్లోంచే పోయింది. ఆమె ఒప్పుకున్నది అతణ్ణి కాపాడాలని. అతను కాపాడబడ్డానని కూడా అనుకోవడం లేదు.

అప్పుడు వెనక అరుగు మీద పిల్లల మాటలు వినపడ్డాయి. పండుగకు వచ్చి ఆగిపోయిన ఆడబిడ్డ కొడుకూ, నీలా ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేసి కారు ఆట ఆడుతున్నారు. ముందు కుర్చీ ఖాళీగా ఉంది. పిల్లవాడు కింద చెప్పులు వెతుక్కుంటూ, "నువ్వు నడుపు నీలా, నేనొస్త" అన్నాడు.

"వద్దు," అంది నీల. వెనక కుర్చీలో చేతులు ఒడిలో పెట్టుకొని బుద్ధిగా కూర్చొని ఉంది. "ఆడపిల్లలు నడుపద్దు. నడిపితె అవ్వలు సచ్చిపోతరు. డాడీ చెప్పిండు."

ఏడుస్తూ చెప్పలేదు. అలిగి చెప్పలేదు. నీళ్ళు తడిగా ఉంటాయన్నట్టు చెప్పింది.

ప్రవీణ ఉల్లిగడ్డలు కోయడం పూర్తి చేసింది. కూర వండింది. అందరికీ వడ్డించింది. నీలకు అన్నం కలిపి తినిపించింది. ఆ రోజు ఆమె ఒక్క మాటా మాట్లాడలేదన్న సంగతి ఇంట్లో ఎవరూ గమనించలేదు.

విచారణ జగిత్యాలలో జరిగింది. ఆఫీసరు మంచివాడిలాగే కనిపించాడు. అన్నీ ముందే రాసి ఉన్నాయి. "చదివి వినిపిస్తరు. ఔనంటె సంతకం చెయ్యమ్మా" అన్నాడు. పక్కన ఎస్సై, గోడకు ఆనుకొని దినేశ్. రైటర్ చదవడం మొదలుపెట్టాడు.

"అది నిజం కాదు సార్," అంది ప్రవీణ.

రైటర్ ఆగాడు. ఆమె చెప్పింది. కారు ఎవరు నడిపారో, ఎవరు దూకారో, ఉత్త బండి ఎట్లా పోయిందో, తను ఎక్కడినుంచి పరుగెత్తిందో, ఎస్సై గదిలో ఏం మాట్లాడుకున్నారో వరసగా చెప్పింది. దినేశ్ వైపు చూడలేదు. చూస్తే అతను ఏడుస్తాడేమోనని కాదు. ఏడిస్తే మళ్ళీ తన చెయ్యి అతని తల మీదికి పోతుందేమోనని భయం.

ఎస్సై లేచి, "భయానికి ఏందో మాట్లాడుతున్నది సార్" అన్నాడు. ఆఫీసరు అతణ్ణి కూర్చోమన్నాడు.

"మొగుని మీద చెప్తున్నవ్. ఏమైతదో ఎరికేనా?"

"ఎరికె సార్."

"మరి అప్పుడెందుకు ఒప్పుకున్నవ్?"

"అప్పుడు మా ఆయన అడిగిండు, చెప్పిన."

"ఇప్పుడెవరు అడిగిండ్రు?"

"ఎవ్వరు అడుగలే సార్. నేనే చెప్తున్న."

దినేశ్‌ను సస్పెండ్ చేశారు, అతని మీద కేసు పెట్టారు. ఎస్సైని ఎక్కడికో బదిలీ చేశారు, అంతకు మించి ఏమీ కాలేదు. అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినందుకు ప్రవీణకూ శిక్ష పడింది. ఇంక్రిమెంట్లు ఆపి, సిరిసిల్ల అవతల ఎల్లారెడ్డిపేట వైపు వేశారు. వజ్రమ్మ ఆమె బట్టలు గోనెసంచిలో కుక్కి గడప బయట పెట్టింది. "ఇల్లు కూల్చినవ్" అంది. నెలన్నర కింద నిలబెట్టిన ఇల్లే. సిరిసిల్లలో సత్యవ్వ కూడా మొదట తలుపు తీసి పక్కకు జరగలేదు. "మొగని మీద చెప్తరా ఎవ్వరన్న?" అంది. తర్వాత నీలను ఎత్తుకొని లోపలికి పోయింది. తలుపు మాత్రం వేయలేదు.

సమ్మె విరమించి బస్సులు తిరుగుతున్న రోజుల్లో ప్రవీణ కోరుట్ల పోయింది. హలీమాబీ ఇల్లు అడిగితే చూపించారు. అతియా గుమ్మంలోనే కూర్చొని ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. తల ఎత్తి చూసి గుర్తుపట్టింది. కూర్చోమనలేదు.

"ఆ బండి నేను నడుపలే," అంది ప్రవీణ నిలబడే. "మా ఆయన నడిపిండు. డీ ల వదిలిపెట్టి దుంకిండు. ఉత్త బండొచ్చింది. మీ అమ్మకాడ నేను అబద్ధం చెప్పిన. గా మాట నీకు చెప్పిపోదామని వచ్చిన."

అతియా చేతులు ఆగాయి. చేతిలోని తునికాకు చాటలో పెట్టింది.

"అమ్మ చెప్తనే ఉండె," అంది. "ఉత్త బండొచ్చింది, లోపట ఎవ్వరు లేరని. జ్వరంల గూడ అదే మాట. నడిపిన పిల్ల ఒప్పుకున్నదంటిమి. నీకు నొప్పికి మతి పోయిందంటిమి. ఆఖరి దినాలల్ల ఎవ్వరొచ్చినా అమ్మ ఏమో మాట్లాడుతది పట్టించుకోకుండ్రి అని నేనే చెప్తుంటి." ఆమె గొంతు పెరగలేదు. "అమ్మ ఊకుండె ఇగ. ఎవ్వల్తోని మాట్లాడకుంటనే పోయింది."

ప్రవీణ గుమ్మం బయట ఎండలో నిలబడి ఉంది. క్షమించమని అడగడానికి వచ్చిందేమో తను, ఆ సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది. అడగలేదు.

"కోర్టుల గూడ గిదే చెప్తవా?" అంది అతియా.

"చెప్త."

"మీ ఆయన ముంగట?"

"ముంగటనే."

అతియా ఆకు చేతిలోకి తీసుకొని కత్తెరతో అంచు కత్తిరించింది. మళ్ళీ తల ఎత్తలేదు.

"అయితె మా అమ్మ పేరు వెట్టి చెప్పు," అంది. "హలీమాబీ చూసిందని చెప్పు."